దిగువ చేనులో లేని ఊరు

హైదరాబాదు,
12 ఫిబ్రవరి 2024

మామయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు రెండుసార్లు "అవ్, అవ్" అని అత్తయ్య చేతికి ఇచ్చేస్తావు. అందుకే రాస్తున్నాను. ఉత్తరమైతే నింపాదిగా చదువుకుని జవాబు రాస్తావని అత్తయ్య చెప్పింది. పోస్టు డబ్బా ఎక్కడుందని అడిగితే మా ఆఫీసులో పిల్లలు నవ్వారు.

మంచి కబురు. జనవరిలో మేము నీ దిగువ చేనులో ఏరుకొచ్చిన పెంకులన్నీ కడిగి, ఆరబెట్టి, బల్లమీద పరిచాం. ఎర్ర పెంకులు, నల్ల పెంకులు, మూతి విరిగిన ప్రమిద, గాజు ముక్కలు, ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం రాళ్ళు. ఉదయ్ భాస్కర్ సార్ గుర్తున్నారుగా, మా అందరికీ పెద్ద, తెల్లగడ్డం ఆయన. ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూసి, కాకతీయుల కాలందే అన్నారు. మీ పక్కూరి పాడుబడిన గుడి మెట్టులో ఒక రాతిశాసనం ఉంది. కొలనుమర్తి అనే ఊరివాళ్ళు ఆ గుడిలో దీపం ఆరకుండా ఉండటానికి గొర్రెలను ఇచ్చారని దానిమీద రాసి ఉంది. ఆ కొలనుమర్తి ఎక్కడుందో ఇప్పటిదాకా ఎవరికీ తెలియలేదు. నీ చేనులో ఉంది మామయ్యా.

మామూలుగా అయితే చేలో పైపైన దొరికిన పెంకులను ఎవరూ నమ్మరు. పాత ఊళ్ళ దిబ్బలు తవ్వి ఆ పాటిమన్ను రైతులు ఎరువుగా తోలుకుంటారు కదా, పెంకులు కూడా ఆ మట్టితోనే వచ్చేస్తాయి. అందుకే ఆ రోజు నిన్ను అందరి ముందూ అడిగాను, బయటి మట్టి ఏమైనా తోలారా అని. నువ్వు లేదన్నావు. ఆ మాటే రిపోర్టులో రాశాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ చేను దున్నుతున్న మనిషి చెప్పిన మాట అని రాశాను. మా మేనమామ అని కూడా రాద్దామనుకుని మానేశాను.

గట్టు తెగిన చోట నల్లమట్టి కింద ఇసుక కనబడింది. పాత వరద ఇసుక మీద ఊరు కట్టుకున్నారనీ, ఇంకో పెద్ద వరదకు వదిలేసి పోయారనీ సార్ ఊహ. తవ్వి చూడటానికి అనుమతి వచ్చింది. మిరప కోతలయ్యాక, ఏప్రిల్ చివర్లో వస్తాం. జూన్‌తో నా ఒప్పందం ముగుస్తుంది. ఇది తేలితే నా ఉద్యోగం నిలబడుతుంది.

అత్తయ్యకు అడిగానని చెప్పు.
నీ మేనకోడలు,
ప్రసూన

*

ఇంటి దగ్గర నుంచి,
21 ఫిబ్రవరి

ప్రసూనకు మీ మామయ్య. ఇక్కడ అందరం తిని ఉన్నాం.

ఉత్తరం అందింది. నీ చేతిరాత చిన్నప్పటిలాగే కుడివైపుకి ఒరిగి ఉంది.

కాయ బాగా దిగుతోంది. కూలీలు దొరకడం లేదు. మణుగూరు నుంచి ఆటోల్లో రప్పిస్తున్నారు. తండా నుంచి రూప్లి ఇంకో నలుగురిని తీసుకుని వస్తుంది. పొద్దంతా మాట్లాడుతూనే కోస్తుంది. నాకు గట్టు మీద కూర్చోవాలంటే బిడియం.

తవ్వకం సంగతి. ఆ చేను వద్దమ్మా. అది తడి చేను, గుంట నిలవదు. వాగు అవతల అడివి అంచున పాటిదిబ్బ ఉంది. పాత ఊరు అదేనని మా నాన్న అనేవాడు. గత్తర రోగం తగిలి జనం కుంపట్లో నిప్పు కూడా ఆర్పకుండా లేచిపోయారని చెప్పేవాడు. సార్‌ను అక్కడ చూడమను.

ఇంకో మాట రాద్దామనుకున్నాను. కాగితం అయిపోయింది.

వెంకటకృష్ణ

*

హైదరాబాదు,
2 మార్చి

మామయ్యా,

కాగితం అయిపోయిందన్నావు. వెనకవైపంతా ఖాళీగానే ఉంది.

నీ బాధేంటో నాకు తెలుసు. అత్తయ్య ఫోన్లో చెప్పింది. చేను చుట్టూ కంచె వేసి సర్కారు తీసేసుకుంటుందని టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారటగా. అలా జరగదు. ఒక చిన్న గుంట తవ్వుతాం, కొలతలు తీసుకుంటాం, మళ్ళీ పూడుస్తాం. పంట పోయేది లేదు.

నిజం చెప్పనా, కొంచెం బాధేసింది. బడి సెలవులన్నీ మీ ఇంట్లోనే గడిపాను. మా నాన్న గనిలో నైట్ డ్యూటీలు చేసి పగలు పడుకుంటే, మణుగూరు క్వార్టర్లో చప్పుడు చేయకూడదని అమ్మ నన్ను మీ దగ్గరికి పంపేది. ఆ చేను గట్టు మీదే నాకు ఎక్కాలు నేర్పావు. ఇప్పుడు నాకోసం మంచమంత నేల తవ్వనివ్వడానికి నీకు మనసు రావడం లేదా?

పాటిదిబ్బ దగ్గరికి జనవరిలోనే వెళ్ళాం. దిబ్బ అని పేరే గానీ అక్కడున్నది గొయ్యి. ఇటుకబట్టీ వాళ్ళు తవ్వుకుపోయి ఉంటారని సార్ అన్నారు. చూడటానికి ఏమీ మిగల్లేదు.

కోపంతో రాయలేదు. అలా అనిపిస్తే క్షమించు.

ప్రసూన

*

11 మార్చి

ప్రసూనకు,

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చూపించలేదు. నేను చేను మీద ఆశతో నీకు అడ్డం పడుతున్నానని నువ్వు అనుకున్నాక ఇక దాచలేను. చదివాక ఏమైనా అను.

ఇటుకబట్టీ వాళ్ళు కాదు. దిబ్బను తోలింది మేమే.

రెండేళ్ళ కింద గోదావరి వచ్చింది కదా. కిన్నెరసాని వాగు వెనక్కి తన్నింది. దిగువ చేనులో నీళ్ళు నిలబడి, పోయేటప్పుడు మోకాలి లోతు ఇసుక మేట వేసి పోయాయి. మీ అత్తయ్య నీతో ఫోన్లో "నీళ్ళొచ్చినయి, పోయినయి" అనే అన్నది. నేనే అలా చెప్పమన్నాను. చెప్పి ఏం చేస్తాం.

ఆ ఇసుకలో ఏమీ మొలవదు. పోయిన ఎండాకాలం వాగు ఒడ్డున చేలున్న వాళ్ళమంతా పాటిదిబ్బ మీద పడ్డాం. ఆ మన్ను నల్లగా పిండిలా ఉంటుంది. అది పోస్తే మిరపచెట్టు మనిషిలా నిలబడుతుంది. మా నాన్న కాలంలో ఎడ్లబండి మీద ఏడాదికి కొంచెం తెచ్చేవాళ్ళు. దిబ్బ తరిగినట్టే ఉండేది కాదు. ఈసారి లోడరు పెట్టాం. తండా కోటేష్ ట్రాక్టరు తిరిగినంత ఎవరిదీ తిరగలేదు. "పెద్దయ్యా, ఇంకో నాలుగు రోజులైతే ఊరు ఒడుస్తది, ఏం మిగలదు" అని నవ్వేవాడు. నేనూ నవ్వాను. పెంకులు కాళ్ళకు గుచ్చుకుంటే ఏరి గట్టు మీదికి విసిరేవాళ్ళం. నువ్వు గట్టు మీద ఏరుకున్నవి అవే.

గార్డు వచ్చి అది అడివి హద్దు, మళ్ళీ తోలితే బళ్ళు పట్టుకుపోతాం అన్నాడు. అప్పటికే అయిపోయింది.

జనవరిలో నువ్వు అడిగినప్పుడు సార్ పక్కన ఖాకీ చొక్కా మనిషి నిలబడి నా వంకే చూస్తున్నాడు. అడివి ఆఫీసరు అనుకున్నాను. కోటేష్ బండి పోతుందని నోటికి "లేదమ్మా" అని వచ్చింది. అంతమందిలో అన్న మాట మళ్ళీ వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు. మీరు జీపెక్కేదాకా వెనకే నడిచాను, చెబుదామని. నువ్వు పెంకులు గుడ్డలో చుట్టుకుంటున్నావు. సంతోషంగా ఉన్నావు.

నీ చేత అబద్ధం రాయించాను. సార్‌కు చెప్పెయ్యి. తిడితే నన్ను తిట్టమను.

మామయ్య

*

హైదరాబాదు,
19 మార్చి

మామయ్యా,

ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. విప్పకుండా ఉండాల్సింది.

ఆ ఖాకీ చొక్కా ఆయన తుల్సీరాం. మా జీపు డ్రైవరు.

చదివి నేరుగా సార్ గదికి వెళ్ళాను. లోపల పత్రికల వాళ్ళు ఉన్నారు. గోడమీద మ్యాపులో నీ చేను ఉన్నచోట ఎర్ర గుండుసూది గుచ్చి ఉంది. సార్ దాన్ని చూపిస్తూ కొలనుమర్తి గురించి చెబుతున్నారు. "ఇదంతా ఈ అమ్మాయి పుణ్యమే" అని నన్ను లోపలికి పిలిచారు. నేను నవ్వి బయటికి వచ్చేశాను.

ఇప్పుడు చెబితే ఏమంటారో తెలుసా? సొంత మేనమామను సరిగా అడగడం కూడా రాని మనిషివి, నీకు పరిశోధన ఎందుకు అంటారు. జూన్ ఎంతో దూరం లేదు. నా వయసుకి ఇంకోచోట ఎవరూ తీసుకోరు.

ఒకటి అడుగుతాను. తవ్వకం అయ్యేదాకా ఈ సంగతి నీ దగ్గరే ఉంచు. పాటిమన్ను తోలినంత మాత్రాన అడుగున ఏమీ ఉండకూడదని లేదు కదా. ఆ ఇసుక కింద నిజంగానే ఏదైనా ఉండొచ్చు. మనం అబద్ధం చెప్పడం లేదు. ఊరికే ఉంటున్నాం, అంతే.

నిన్ను అలా మాట్లాడకుండా ఉండమని అడగాల్సి వచ్చింది. ఏమీ అనుకోకు.

ప్రసూన

*

30 మార్చి

ప్రసూనకు,

సరే. మాట్లాడకుండా ఉండటం నాకు కొత్త కాదు.

కానీ ఊళ్ళో జరుగుతున్న హడావుడి చూస్తే తల ఎత్తలేకుండా ఉన్నాను. పేపర్లో పడిందట. కుర్రాళ్ళు క్రికెట్ జట్టుకి కొలనుమర్తి లెవెన్ అని పేరు పెట్టుకున్నారు. చేను మూల పెద్ద చిట్టెం రాయికి ఎవరో పసుపు పూసి పోయారు. కోటేష్ నిన్న దారిలో బండి ఆపి, "పెద్దయ్యా, నేను తోలిన ఊరికి గింత పేరొచ్చె. నాకు గూడ ఒక శాలువా కప్పమను" అన్నాడు. గట్టిగా అనకురా అన్నాను. "ఏంది పెద్దయ్యా, ఊరందరికీ తెల్సిందే గద. సదువుకున్నోళ్ళకు తెల్వదా? ఏదో లెక్క ఉండే వస్తున్నరు" అన్నాడు.

అందరూ అలాగే అనుకుంటున్నారు. మీకు తెలిసే వస్తున్నారని. నేను ఔననీ కాదనీ అనలేదు.

ఇసుక కింద ఏమీ ఉండదమ్మా. అది నేను చిన్నప్పటి నుంచీ దున్నిన ఎర్ర చెలక నేల. అయినా నువ్వు చెప్పావు కాబట్టి ఊరుకుంటున్నాను.

మామయ్య

*

హైదరాబాదు,
6 మే

మామయ్యా,

తవ్వకానికి వచ్చినప్పుడు మాకోసం అత్తయ్య చేసిన వంట అలాగే ఉండిపోయిందని, సాయంత్రానికి కూలీలకు పెట్టిందని తెలిసింది. నేను గుమ్మం దాకా కూడా రాలేదు. జీపు మీ వీధి మలుపు తిరిగినప్పుడు అటువైపు చూడకుండా కూర్చున్నాను.

నువ్వు ఆ రోజు నిలబడి అన్ని మాటలన్నావు కాబట్టి, నేను ఎలా నిలబడ్డానో కూడా నీకు రాయాలి.

తవ్వకం మొదటిరోజు పెంకులు రాశిగా వచ్చినప్పుడు నేను కూడా అందరితో సంతోషించాను. నటించలేదు. నిజంగానే మరిచిపోయాను. ఇసుక పొర తగిలినప్పుడు సార్ మోకాళ్ళ మీద కూర్చుని, ఇదే ఆ పాత వరద అని కుర్రాళ్ళకు వివరిస్తుంటే నేను పక్కన నిలబడి రాసుకున్నాను. ఏ వరదో నాకు తెలుసు. నా చెయ్యి రాస్తూనే ఉంది. ఆ ఇసుకలోంచి, తవ్వకం కూలికి వచ్చిన రూప్లి నీలం ప్లాస్టిక్ బిందె ముక్కను లాగింది. గట్టు మీంచి కోటేష్, "కాకతీయులకు ప్లాస్టిక్ బిందెలు ఉండెనా సార్?" అన్నాడు. రూప్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు నువ్వు గుంపులోంచి వచ్చావు. తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నావు. "సార్, తప్పు నాది. గా పిల్ల అడిగింది, నేనే లేదన్న. ఆమెకేం తెల్వదు" అన్నావు. నువ్వు అంతమందిలో మాట్లాడగా నేను ఎప్పుడూ చూడలేదు. సార్ నా భుజం తట్టి, నీ తప్పేం లేదమ్మా అన్నారు. నేను నోరు విప్పలేదు మామయ్యా. నాకు మార్చిలోనే తెలుసు అన్న ఒక్క మాట. అక్కడే ఉంది, నాలుక చివర. రాలేదు.

జీపులో సార్ నీ గురించి చెప్పి నవ్వారు. ఇక్కడికి వచ్చాక కూడా ఎవరు వచ్చినా అదే కథ. ముసలాయన, పల్లెటూరి బుద్ధి, సొంత మేనకోడల్నే ముంచాడు అని. వాళ్ళు నవ్వుతుంటే నేను టీ తాగుతూ కూర్చుంటున్నాను.

ప్రసూన

*

17 మే

ప్రసూనకు,

నవ్వుకోనీ. నన్ను చూసి నవ్వితే నాకేం తరగదు. ఈ ఊళ్ళో ఎప్పటి నుంచో నవ్వుతున్నారు, పెళ్ళిచూపుల్లో కూడా నేను మాట్లాడలేదని.

నిజం రాయాలంటే ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే కొంచెం గర్వంగానే ఉంది. అన్నం ఎక్కువ తిన్నాను. మీ అత్తయ్య చూసింది. "ఏందండీ, పిల్లను ఒడ్డున పడేసిన్నని మీసం దువ్వుతున్నరా? పిల్ల మొఖం చూసిన్రా మీరు?" అన్నది. నేను చూడలేదు. సార్ వంక చూసే మాట్లాడాను. నీ వైపు చూస్తే మాట రాదని. మీ అత్తయ్య అన్నది అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు కూడా సగమే అర్థమైంది.

నువ్వు బాధపడకు. ఆ మాటలు నేను ఇష్టపడి అన్నవే. నీ ఉద్యోగం నిలబడితే చాలు. ఇక ఆ సంగతి తియ్యకు.

గుంట పూడ్చేశాను. సార్ కుర్రాళ్ళు పూడుస్తామన్నారు గానీ నేనే వద్దన్నాను. మట్టి తిరగేస్తుంటే ఒక ప్రమిద దొరికింది. మూతి దగ్గర మసి అలాగే ఉంది. ఎవరో ఒకామె రోజూ వెలిగించి ఉంటుంది. అది చేతిలో పట్టుకుంటే నాకు సిగ్గేసింది. ఎవరి ఇంట్లోకో అడగకుండా జొరబడినట్టు. నేను వాళ్ళ ఇల్లు తీసుకొచ్చి మిరపచెట్లకు వేశాను.

వానలు ముందే వస్తాయంటున్నారు.

మామయ్య

*

హైదరాబాదు,
27 మే

మామయ్యా,

ఇవాళ సార్‌కు చెప్పేశాను.

నిన్న కొత్తగా చేరిన పిల్లలకు నీ కథ చెప్పమని ఎవరో అడిగారు. సార్ నావైపు తిరిగి, "నువ్వు చెప్పు ప్రసూనా, మీ మామయ్య కదా" అన్నారు. నేను చెప్పాను. తువ్వాలు తీసిన సంగతితో సహా చెప్పాను. వాళ్ళు నవ్వారు. ఇంటికొచ్చి మొహం కడుక్కుని అద్దంలో చూసుకోలేకపోయాను.

పొద్దున్నే వెళ్ళి, ఆయన మార్చిలోనే నాకు ఉత్తరం రాశాడు సార్, నేనే చెప్పొద్దన్నాను అన్నాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆలోచిస్తాను అన్నారు. ఈ వారంలోనే భద్రాచలం వస్తున్నారు, పాటిదిబ్బ గొయ్యిని మళ్ళీ చూడటానికి. మీ ఇంటికి కూడా రావచ్చు. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. నన్ను వెనకేసుకు రాకు.

ఉద్యోగం పోతుందేమో. పోనీ. రేపటి నుంచి నీ గురించి ఎవరైనా నవ్వితే నేను అక్కడ ఉండను, లేదా ఉండి మాట్లాడతాను.

ప్రసూన

*

31 మే

ప్రసూనకు,

ఈ ఉత్తరం జల్దీ రాస్తున్నాను. నీకు మంచే జరిగింది.

నిన్న మీ సార్ ఇంటికి వచ్చాడు. మీ అత్తయ్య మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు పక్కన పెట్టి, "మీ ప్రసూనకు ఈ మట్టి సంగతి ముందే తెలుసట కదా, మీరు రాశారట" అన్నాడు. ఆయనకు ఈ మాట ఎవరు మోశారో అర్థం కాలేదు. కోటేషే వాగి ఉంటాడనుకున్నాను. మాటల్లో పెట్టి నా నోటితో రాబట్టాలని చూస్తున్నాడనుకున్నాను.

ఈసారి నేను తడబడలేదు. "లేదు సార్. నేను ఏ ఉత్తరం రాయలేదు. ఆ పిల్లకు ఏమీ తెలియదు" అని ఆయన కళ్ళలోకి చూసి చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మంచి మేనకోడలు మీకు అన్నాడు.

వెళ్ళాక మీ అత్తయ్య నా వైపు చూడకుండా లేచింది. గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

మామయ్య

*

హైదరాబాదు,
8 జూన్

మామయ్యా,

నా ఉత్తరం నీకు చేరకముందే సార్ చేరారు.

ఆయనకు ఎవరూ మోయలేదు. నేనే చెప్పాను. నువ్వు లేదన్నావు కాబట్టి, నేను నిన్ను కాపాడటానికి నిందను నా మీద వేసుకున్నానని సార్ నిర్ణయించేశారు. మొన్న మీటింగులో అందరి ముందూ ఆ మాటే చెప్పారు. పెద్దవాళ్ళ పరువు కోసం తన పేరు పోగొట్టుకోవడానికి సిద్ధపడింది, ఇలాంటి పిల్లలు ఈ రోజుల్లో ఎక్కడున్నారు అన్నారు. ఒప్పందం పొడిగించమని పైకి రాస్తున్నారట. చప్పట్లు కొట్టారు. నేను లేచి, అది నిజం కాదు సార్ అన్నాను. ఇంకా గట్టిగా కొట్టారు.

నీ ఉత్తరాలు చూపిద్దామనుకున్నాను. మార్చిలో రాసినవి అప్పుడే చించేశాను. ఎవరైనా చూస్తారని. మొన్న రాసింది చూపిస్తే, అదీ నేను రాయించుకున్నదే అంటారు.

నీ మీద కోపం లేదు. నువ్వు నాకోసమే అన్నావు. కానీ అబద్ధం చెప్పినప్పుడు నన్ను అందరూ నమ్మారు, నిజం చెబితే మెచ్చుకుంటున్నారు. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకోటి ఉంటుందా?

సార్ ఇంకో పది రోజుల్లో మళ్ళీ వస్తున్నారు, ఆ గొయ్యి కొలవడానికి. నేను రావడం లేదు. నీకు, అత్తయ్యకు నా ముఖం చూపించలేను.

ప్రసూన

*

22 జూన్

ప్రసూనకు మీ మామయ్య. వానలు పడ్డాయి. దుక్కులు మొదలయ్యాయి. మీ అత్తయ్యకు మోకాళ్ళు నొప్పులు, మందు వాడుతోంది.

నీ ఉత్తరాలు రెండూ అందాయి. మీ అత్తయ్య అన్నదాంట్లో మిగతా సగం నాకు అప్పుడు అర్థమైంది. నేను నిన్ను కాపాడలేదు. నీ నోటికి అడ్డంగా నా చెయ్యి పెట్టాను. గుంట దగ్గర ఒకసారి, మజ్జిగ దగ్గర ఒకసారి.

పోయిన మంగళవారం మీ సార్ పాటిదిబ్బకు వచ్చాడు. పిలవకుండానే నేను వెళ్ళాను. కోటేష్, రూప్లి అక్కడే పనిలో ఉన్నారు. గొయ్యి అంచున లోడరు గీరిన చోట మట్టి గోడలా నిలబడి ఉంది. దాంట్లో ఒక పొయ్యి కనబడింది. మట్టి ఎర్రగా కాలి, మధ్యలో బూడిద అలాగే ఉంది. సగమే ఉంది. సగం లోడరు కోసుకుపోయింది. సార్ దాని ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఆ నిప్పు ఎందుకు ఆరిందో, ఆ ఇంటివాళ్ళు ఎటు పోయారో, గత్తరో వరదో ఇంకేదో, కింద నుంచి పైదాకా మట్టి పొరలు చెదరకుండా ఉంటే చదువుకునే వీలుండేదట. ఇప్పుడు ఆ సంగతి ఎప్పటికీ తెలియదన్నాడు. "ఈ మిగతా సగం ఎక్కడుందో" అని తనలో తాను అనుకున్నాడు.

"నా చేనుల ఉంటది సార్" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. అప్పుడే చెప్పేశాను. ప్రసూన చెప్పిందే నిజం సార్, మార్చిలోనే నేను రాసిన, మొన్న మీకు అబద్ధం చెప్పిన అని. ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు గట్టిగా చేశాడు. "జనవరిలో ఒక మాట చెప్పారు. ఏప్రిల్లో ఒకటి. మొన్న మీ ఇంట్లో నా కళ్ళలోకి చూసి ఇంకొకటి. ఇప్పుడు చెప్పేది నిజమని నేను ఎట్లా నమ్మాలి?" అన్నాడు.

ఆయన అన్నది న్యాయమే. ఇంటి దగ్గర నుంచి మాటలన్నీ కూడబలుక్కుని పోయాను గానీ, ఈ ఒక్కదానికి మాత్రం కూడబలుక్కోలేదు. తల వంచుకుని నిలబడ్డాను.

కోటేష్ ఊరుకోడు కదా. "మట్టినంటే తవ్వి చూస్తరు సార్. మనిషిని గూడ తవ్వి చూస్తరా?" అన్నాడు. రూప్లి, "నువ్వు మూస్కోరా" అంది. నాతో అయ్యా, కూసో, ఎండ అంది. నేను కూర్చోలేదు. కూర్చుంటే ఇక చెప్పడం అయిపోయిందనుకుంటాడని భయం.

సార్ గొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. నా వంక చూసి, "ఆ అమ్మాయి నా ముందు ఇట్లాగే నిలబడింది" అన్నాడు. మెల్లగా అన్నాడు.

వెళ్ళేటప్పుడు నేనే అడిగాను, నీ సంగతి ఏమిటని. రిపోర్టు మళ్ళీ రాయాలి, అందులో నీ పేరు ఉండదన్నాడు. పొడిగింపు కాగితం వెనక్కి తెప్పిస్తానన్నాడు. "ఆ పిల్ల చెప్పింది నిజమే గద సార్" అన్నాను. "అవును, నిజమే చెప్పింది. నేనే వినలేదు" అన్నాడు. ఆ మాట నీకు చేర్చాలనే ఈ ఉత్తరం. మిగతాదంతా నీకు నష్టమే. నాకు తెలుసు.

ఉద్యోగం పోవడం నా వల్ల అని నువ్వు అనవు. నేను అనుకుంటాను. కానీ ఒకటి. ఉద్యోగం ఇంకోటి చూసుకోవచ్చు. వాగు అవతల అన్ని తరాలు ఉన్న ఊరిని ఒక్క ఎండాకాలంలో ఎత్తి చేలల్లో పోసుకున్నాం. దాన్ని మళ్ళీ ఏ బండితోనూ వెనక్కి తోలలేం. ఈ ఏడు కూడా కాయ బాగానే కాస్తుందని అందరూ అంటున్నారు. నాకు ఆ మాట వినాలని లేదు.

ముఖం చూపించలేనని రాశావు. నేనూ చూపించలేను. అయినా రా. భద్రాచలం బస్సు దిగి బూర్గంపాడు ఆటో ఎక్కు. మీ అత్తయ్య వడ్డిస్తుంది. నువ్వు తలుపు వైపు చూస్తూ తిను, నేను గోడ వైపు చూస్తూ తింటాను.

వెంకటకృష్ణ